చీరాలలో పట్టిన ఉప్పు, మౌలాలిలో వదిలించా

గాలం రీలు హ్యాండిల్ నా వేళ్ల కణుపుల మీద టకటకా వాయించినప్పుడు టైము తెల్లవారుజామున నాలుగున్నర. చీరాల పక్కన వాడరేవు ఒడ్డున మోకాలి లోతు నీళ్లలో నిలబడి ఉన్నా. చేప పడింది, రాడ్ వంగింది. నాలుగు చుట్లు చుట్టానో లేదో హ్యాండిల్ చేతిలోంచి జారి గిర్రున వెనక్కి తిరగడం మొదలుపెట్టింది. అది వెనక్కి తిరగకూడదు. ఆపబోయి చెయ్యి అడ్డం పెడితే మూడు వేళ్లు చితికాయి. దారం చుట్టుకునే స్పూలుని బొటనవేలితో నొక్కితే తోలు లేచింది. ఈలోపు తంగూసు టప్పుమని తెగింది.

ఒడ్డు మీద ప్లాస్టిక్ కుర్చీలో కూచుని బీడీ కాలుస్తున్న మా మావయ్య లేవను కూడా లేవలేదు. "టేకు చేప అయ్యుంటుందిరా. అంత నింపాదిగా లాక్కెళ్లేది అదే," అన్నాడు. కాసేపాగి, "రీలు ఎవడు విప్పాడు?" అన్నాడు.

నేనే విప్పా. సెప్టెంబర్‌లో ఒక ఆదివారం మధ్యాహ్నం, టీవీలో క్రికెట్ చూస్తూ.

నాది చిక్కడపల్లిలో కళ్లజోళ్ల షాపు. పుట్టింది చీరాల, ఇరవై రెండేళ్లుగా ఉంటున్నది మౌలాలి. పొద్దున పది నుంచి రాత్రి తొమ్మిది దాకా మిల్లీమీటరున్నర స్క్రూలతోనే నా బతుకు. అలాంటివాడిని ఇంత పెద్ద రీలు విప్పి బిగించలేనా అన్న పొగరు నాకుంది. ఆ పొగరుకే కణుపుల మీద పడింది.

రీలు సంగతి కొంచెం చెప్పాలి. మావయ్య వైజాగ్ నుంచి ఓడల్లో మోటర్‌మ్యాన్‌గా తిరిగేవాడు. 1986లో హ్యూస్టన్ రేవులో దిగినప్పుడు పాత సామాన్ల షాపులో దీన్ని కొన్నాడు. పెన్ స్క్విడర్, నంబరు 140. పెన్ అంటే 1932లో ఒట్టో హెంజె ఫిలడెల్ఫియాలో పెట్టిన కంపెనీ. ఈ స్క్విడర్ అక్కడి ఒడ్డు వేటగాళ్లు ఎన్నో ఏళ్లు వాడిన రీలు. ఇప్పుడు షాపుల్లో దొరికే స్పిన్నింగ్ రీళ్లలో స్పూలు కదలకుండా కూచుంటుంది, దారం దాని అంచు మీంచి జారిపోతుంది. ఇందులో అలా కాదు, బావి గిలకలా స్పూలే తిరుగుతుంది. దీన్నే కన్వెన్షనల్ రీలు అంటారు. హ్యాండిల్ ఒక్క చుట్టు తిప్పితే స్పూలు మూడుంపావు చుట్లకు కాస్త పైన తిరుగుతుంది. దారాన్ని అటూ ఇటూ సమంగా పరిచే ఏర్పాటేమీ లేదు, మన బొటనవేలే పరచాలి. విసిరేటప్పుడు బ్రేకూ లేదు. దానికీ బొటనవేలే.

పక్క ప్లేట్లు నల్లటి బేకలైట్. పాత ఇళ్లలో గుండ్రటి స్విచ్చులుండేవి చూడండి, ఆ సరుకు. లోపలి పళ్ల చక్రం ఇత్తడి, బయటి రింగులు ఇత్తడి మీద క్రోమ్ పూత. మావయ్యకి కళ్లు మసకబారాక, కాటరాక్ట్ ఆపరేషన్‌కి నా దగ్గరికొచ్చి వారం రోజులున్నప్పుడు ఇచ్చేశాడు. "సముద్రం నీకు దూరమేగానీ చేతులు నావి పోలాయి," అన్నాడు.

ఆ దూరమే దీని పాలిట రోగం. సముద్రపు ఒడ్డున ఉండేవాడు రీలు రోజూ వాడతాడు, రోజూ తుడుస్తాడు. హైదరాబాద్‌లో ఉండి ఒడ్డు వేట సరదా పెట్టుకున్నవాడికి ఏడాదికి మూడు ట్రిప్పులైతే గొప్ప. నాంపల్లిలో సాయంత్రం రైలెక్కితే అర్ధరాత్రి దాటాక చీరాల, ఒక రోజంతా వేట, మళ్లీ రాత్రి రైలు, తెల్లారితే షాపు. ఫిబ్రవరిలో అలాగే వచ్చా. రీలుని తడి ఆరకుండానే పాలిథిన్ కవర్లో చుట్టి అటక మీద పెట్టా. అక్కడ వానాకాలమంతా ఉంది. వానల్లో వంటింట్లో ఉప్పు డబ్బా ఎలా చెమ్మగిల్లుతుందో తెలుసుగా? రీలు లోపల మిగిలిన ఉప్పూ అలాగే గాల్లో తడి పీల్చుకుని, ఇత్తడిని పట్టుకుని కూచుంది. సముద్రం దగ్గర ఒక్క రోజు తిన్న ఉప్పుని అటక మీద ఏడు నెలలు అరిగించుకుంది.

సెప్టెంబర్‌లో కవర్ విప్పితే స్పూలు తిప్పినప్పుడల్లా ఇసుక నమిలినట్టు కరకర. పైపైన విప్పా, పచ్చగా కనపడ్డ చోటల్లా తుడిచా, తర్వాత రాణీగంజ్‌లో కొన్న లారీ చక్రాల గ్రీజు డబ్బా తీసి ఎక్కడ సందు దొరికితే అక్కడ దట్టించా. బిగించి తిప్పితే శబ్దమే లేదు. వెన్నలో కత్తి దిగినట్టు తిరిగింది. అంత నిశ్శబ్దంగా ఈ రీలు ఎప్పుడూ తిరగలేదని మా ఆవిడని పిలిచి మరీ చూపించా.

ఆ నిశ్శబ్దమే తప్పని వాడరేవు నుంచి తిరిగొచ్చాకగానీ తెలియలేదు. ఫోన్‌లో మావయ్య అడిగిన మొదటి ప్రశ్న ఇది: "చుట్టేటప్పుడు టిక్కుటిక్కుమంటోందా?"

"లేదు మావయ్యా, అస్సలు సౌండ్ లేదు."

"మరి కుక్క చచ్చిపోయిందిరా!"

కుక్క అంటే రీలు లోపల చిన్న కొక్కెం. ఇంగ్లిష్‌లో దాని పేరు డాగ్, మావయ్య ఇంజిన్ రూమ్ తెలుగులో కుక్క. హ్యాండిల్ ఇరుసుకి కోసుకున్న పళ్ల మీద ఒక సన్నటి స్ప్రింగు దాన్ని నొక్కి పట్టి ఉంచుతుంది. ముందుకి తిప్పితే పన్ను మీంచి పన్ను మీదకి టిక్కుటిక్కుమంటూ దూకుతుంది, వెనక్కి తిప్పబోతే పంటిని కరిచి పట్టుకుంటుంది. ఆ స్ప్రింగు బలమెంత? మా షాపులో ఫ్రేము కాడలో వేసే స్ప్రింగు అంత. దాని మీద లారీ గ్రీజు అరచెంచాడు పడితే కొక్కెం ఆ బురదలో తేలుతూ ఉండిపోయింది. పళ్లు దానికింద నుంచి వెళ్లిపోయాయి. అదీ నా వేళ్ల కథ.

అందుకని డిసెంబర్‌లో మళ్లీ మొదటి నుంచి విప్పా. ఈసారి టీవీ కట్టేసి.

విప్పే ముందు చేయాల్సిన పని ఒకటుంది, నేను సెప్టెంబర్‌లో చేయనిది. రీలుని మూసి ఉన్నదాన్ని మూసినట్టే ఉంచి పది నిమిషాలు వినాలి, తిప్పి చూడాలి. షాపుకొచ్చే మనిషికి కళ్లు చూడకుండా అద్దాలు కోస్తానా? లివర్ వేసి స్పూలుని వదులు చేసి, వేలితో ఒక్క తోపు తోసి ఎన్ని సెకన్లు తిరుగుతుందో లెక్కపెట్టా. ఏడు. మధ్యలో కరకర ఉంటే బేరింగులో ఉప్పో ఇసుకో ఉన్నట్టు. చుట్టూ ఒకే చోట, ప్రతి చుట్టులోనూ ఒక్కసారే గీరితే స్పూలు అంచుకీ ప్లేటుకీ మధ్య ఇసుక రేణువు ఇరుక్కున్నట్టు. కరకర లేకుండా త్వరగా ఆగిపోతుంటే నూనె చిక్కబడిందన్నా అనుకోవాలి, ఎడమ పక్క మూత ఎక్కువ బిగిసిందన్నా అనుకోవాలి. లివర్ మళ్లీ వేసినప్పుడు టక్కుమని పట్టుకోవాలి. హ్యాండిల్ తిప్పుతుంటే పట్టు దొరక్క జారుతుంటే చిన్న పళ్ల చక్రాన్ని తోసే స్ప్రింగులు నీరసించాయి, లేదా అక్కడా గ్రీజు అడ్డం పడింది. నాకు ఇదీ ఉంది. ఒక్క గ్రీజు డబ్బాతో రెండు రోగాలు తెచ్చా.

స్క్విడర్‌లో మెచ్చుకోవాల్సింది దాని విప్పుడు. కుడి ప్లేటు కింద వేళ్లతో తిప్పే గరుకు స్క్రూ ఒకటి ఉంటుంది. దాన్ని వదులు చేసి, ప్లేటుని కాస్త తిప్పి లాగితే ఊడి చేతికొస్తుంది, స్పూలు బయటికి జారుతుంది. స్క్రూడ్రైవర్ అక్కర్లేదు. బీచ్‌లో ఇసుక పడితే అక్కడే విప్పి తుడుచుకోవడానికి పెట్టిన ఏర్పాటు అది. అసలు పని ఆ తర్వాత, కుడి ప్లేటు లోపల. హ్యాండిల్, దాని కింద నక్షత్రంలా ఉండే, దారం పట్టు బిగించే డ్రాగ్ చక్రం, దాని కింద గొట్టం ముక్క, తర్వాత పళ్ల చక్రాలు కూచునే బ్రిడ్జి అనే ముక్కని పట్టి ఉంచే స్క్రూలు. ఆ బ్రిడ్జి ఊడగానే లోపలి స్ప్రింగులు ఎగురుతాయి. ఎగురుతాయని రాస్తే ఎవరూ నమ్మరు, ఒకటి మా ఫ్రిజ్ కింద దొరికేదాకా నేనూ నమ్మలేదు. ఇప్పుడు మొత్తం పని పెద్ద పారదర్శకమైన ప్లాస్టిక్ కవర్లో చేతులు పెట్టి చేస్తా. పెళ్లి బట్టల కవర్ సరిగ్గా సరిపోతుంది.

విప్పినవి పెట్టుకోడానికి మొదట ఇడ్లీ ప్లేటు తెచ్చుకున్నా. గుంటలు బాగానే ఉన్నాయి, కానీ ప్రతి గుంటకీ చిల్లులు. చిన్న స్క్రూ రెండు సార్లు జారింది. ఈసారి గుంత పొంగణాల పెనం. పన్నెండు గుంటలు, చిల్లుల్లేవు, విప్పిన వరసలో ఎడమ నుంచి కుడికి ఒక్కొక్క గుంటలో ఒక్కొక్క భాగం. తిరిగి బిగించేటప్పుడు కుడి నుంచి ఎడమకి వస్తే చాలు. మా ఆవిడ ఆ పెనం మళ్లీ వంటకి వాడనని తేల్చి చెప్పింది. కొత్తది కొనిచ్చా, పాతది నాదైంది. నష్టం లేదు.

స్క్రూల గురించి రోజూ వాటితో బతికేవాడిగా ఒక్క మాట. స్క్రూ తల చెడేది బలం వల్ల కాదు, గాడిలో సరిగ్గా కూచోని స్క్రూడ్రైవర్ వల్ల. మొన అటూ ఇటూ ఆడుతుంటే ఆగిపోండి. గాడి వెడల్పుకీ మందానికీ సరిపోయే మొన ఉంటేనే తిప్పండి, లేకపోతే ఆకురాయితో అరగదీసి సరిపెట్టుకోండి. ఒక స్క్రూ ఉప్పుతో కరుచుకుపోయి కదల్లేదు. తుప్పు వదిలించే నూనె ఒక చుక్క వేసి రాత్రంతా వదిలేశా, పొద్దున ముందు కొంచెం బిగించే వైపు తిప్పి, తర్వాత విప్పే వైపు తిప్పితే కిర్రుమని వచ్చేసింది. సెగ పెట్టబుద్ధవుతుంది, పెట్టొద్దు, బేకలైట్ పగులుతుంది. స్క్రూల పొడవులు కూడా ఒకటి కావు. అట్ట ముక్క మీద ప్లేటు బొమ్మ గీసి ఎక్కడి స్క్రూని అక్కడే గుచ్చితే గొడవుండదు.

లోపల చూస్తే... ఏం చెప్పాలి. గ్రీజు తుడిచాక అసలు రంగు బయటపడింది. పెద్ద పళ్ల చక్రం అంచు చుట్టూ నెమలి మెడ రంగు. క్రోమ్ పూత ఊడిన చోట రింగు కింద పచ్చటి పొక్కులు. సెప్టెంబర్‌లో నేను తుడిచింది దీని పైపొరని. కింద ఉప్పుని అలాగే ఉంచి మీద గ్రీజుతో సీలు వేశా. నీళ్లు పోకుండా గ్రీజు కాపాడుతుందంటారు, నిజమే. లోపలున్న ఉప్పునీళ్లని కూడా అంతే శ్రద్ధగా కాపాడింది.

ఇత్తడి కదా, మందు ఇంట్లోనే ఉంది. నిమ్మకాయంత చింతపండు గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి, గుజ్జు తీసి, పాత టూత్‌బ్రష్‌తో రుద్దా. అమ్మ ఇత్తడి బిందెలకి చింతపండుతో పాటు కల్లుప్పు కూడా వేసి తోమేది. నా చెయ్యి కూడా అలవాటుగా ఉప్పు డబ్బా వైపు వెళ్లింది. దేన్ని వదిలించడానికి కూచున్నామో దాన్నే వేసి రుద్దబోయా! ఉప్పు వద్దు. పులుపు ఒక్కటే చాలు, అదీ రెండు మూడు నిమిషాలు. నానబెట్టి వదిలేస్తే ఇత్తడిని కూడా తింటుంది. తర్వాత తినే సోడా కలిపిన నీళ్లలో ముంచి పులుపు విరిచి, మంచినీళ్లతో కడిగి, మెత్తని గుడ్డతో ఒత్తి, హెయిర్ డ్రయర్‌తో ఆరబెట్టా. స్టీలు ముక్కలకీ, వాసర్లకీ ఈ పులుసు అక్కర్లేదు. క్రోమ్ నున్నగా ఉన్న చోటకీ వద్దు.

బేరింగుల దగ్గర నాకు షాపు కలిసొచ్చింది. కళ్లజోళ్లు కడిగే అల్ట్రాసోనిక్ మెషీన్ ఉందిగా. ముందు ఇంటి బాల్కనీలో, పొయ్యికి దూరంగా, చిన్న గాజు సీసాలో పెట్రోలు పోసి బేరింగుల పాత గ్రీజు కరిగించా. అవి ఆరి వాసన పూర్తిగా పోయాక షాపుకి తీసుకెళ్లి మెషీన్‌లో సబ్బునీళ్లు పోసి మూడు నిమిషాలు. పెట్రోలు ఆ మెషీన్‌లో ఎప్పుడూ పోయకండి, అంటుకుంటుంది. నీళ్లు మబ్బుగా మారి అడుగున సన్నటి ఇసుక తేరింది. వాడరేవు ఇసుక, చిక్కడపల్లిలో. కళ్లజోడు కోసం కూచున్న ఒక పెద్దాయన తొంగి చూసి, "ఇది ఎవరి నంబరు బాబూ?" అన్నాడు. వెంటనే ఆరబెట్టి ఒక్కొక్క దానికి ఒక్కొక్క చుక్క కుట్టుమిషన్ నూనె. ఒక్క చుక్కే. చిక్కటి నూనె వేసినా, పల్చటిదే ఎక్కువ వేసినా బేరింగు ఈదుతుంది, స్పూలు తిరగదు.

ఇక డ్రాగ్. చేప గట్టిగా గుంజినప్పుడు దారం తెగకుండా కొద్దికొద్దిగా వదిలే క్లచ్ ఇది. స్కూటర్ క్లచ్ ప్లేట్లు చూసినవాళ్లకి కొత్తగా చెప్పేదేం లేదు. పెద్ద పళ్ల చక్రం గుంటలో ఒక మెత్తటి వాసరు, ఒక ఇనుప వాసరు, మళ్లీ మెత్తటిది, మళ్లీ ఇనుపది. ఇనుపవి రెండు రకాలు: ఒక రకానికి బయట చెవులుంటాయి, అవి చక్రాన్ని పట్టుకుంటాయి. రెండో రకానికి లోపలి రంధ్రం చదునుగా కోసి ఉంటుంది, అది ఇరుసుని పట్టుకుంటుంది. ఒకటి విడిచి ఒకటి రావాలి. ఒకే రకం రెండు పక్కపక్కన పడితే నక్షత్రం ఎంత బిగించినా చాలినంత పట్టు రాదు.

రెండేళ్ల కిందట మెత్తటి వాసరు ఒకటి పిండి పిండైపోయింది. కొత్తది తెప్పించే ఓపిక లేక బోరింగు పంపుకి వేసే తోలు వాసరు కొని, కొలత పెట్టి కోసి వేశా. పాత రీళ్లలో తోలు వాసర్లే ఉండేవి, కాబట్టి ఆలోచన మరీ తిక్కదేం కాదు. కానీ ఆ తోలుకి నూనె పట్టించి వేయాలి. ఎండుది వేశా. ఒడ్డు మీద ఒక పెద్ద గొరక పడితే డ్రాగ్ కాసేపు రాయిలా బిగుసుకుని, ఒక్కసారిగా జర్రున జారి, మళ్లీ బిగుసుకుని, మూడో కుదుపుకి దారం తెంచింది. ఆ తర్వాత బుద్ధిగా కార్బన్ ఫైబర్ వాసర్లు ఆన్‌లైన్లో తెప్పించా. వాటి మీద మామూలు నూనె పడకూడదు. ఈసారి చూస్తే సెప్టెంబర్ గ్రీజు అక్కడికీ పాకింది, ఒక్కొక్కటి తీసి తుడిచి పొడిగా వేశా.

డ్రాగ్ ఎంత బిగించాలో చేత్తో లాగి చూసి చెప్పేవాళ్లున్నారు. మావయ్య అలాంటివాడు. నాకు కుదరదు. నేను వాడేది 20 పౌండ్ల నైలాను, అంటే సుమారు 9 కిలోల దగ్గర తెగేది. డ్రాగ్ అందులో పావు నుంచి మూడో వంతు మధ్య ఉండాలి. విమానం సామాను తూచే చిన్న డిజిటల్ కొక్కెం తక్కెడకి దారం కొస కట్టి, రాడ్ పట్టుకుని మా పెద్దమ్మాయిని లాగమంటా. రెండున్నర కిలోలు చూపించినప్పుడు స్పూలు కదలాలి. కదలడం మొదలయ్యాక అంకె ఎగిరెగిరి పడకుండా నిలకడగా ఉండాలి. ఈసారి నిలబడింది.

కుక్కకి మాత్రం గ్రీజు లేదు. తుడిచి, స్ప్రింగు వంపు సరిచూసి, నూనెలో ముంచిన సూది మొనతో ఒక తాకుడు, అంతే. పళ్ల చక్రాల మీద గ్రీజు ఉండాలి, అదీ పళ్ల ఆకారం కనపడేంత పల్చగా. లారీ గ్రీజు డబ్బా పక్కింటి ఆటో అతనికి ఇచ్చేశా.

అంతా బిగించాక ఎడమ పక్క మూత. స్పూలు పక్కలకి ఎంత ఆడాలో తేల్చేది అదే. పూర్తిగా బిగిస్తే స్పూలు పట్టేస్తుంది, వదిలేస్తే విసిరేటప్పుడు వణుకుతుంది. స్పూలు నెమ్మదించేదాకా బిగించి, అక్కణ్నుంచి వెంట్రుకంత వెనక్కి. స్పూలుని రెండు వేళ్లతో అటూ ఇటూ కదిపితే కంటికి తెలియకూడదు, వేలికి మాత్రం టిక్కుమని తెలియాలి.

ఇప్పుడు కొత్త చిక్కు. నిజంగానే చిక్కు. బేరింగులు శుభ్రమైన స్పూలు మునుపటికంటే స్వేచ్ఛగా తిరుగుతుంది, అంటే దారం చిక్కు పడే ప్రమాదం పెరిగినట్టే. 120 గ్రాముల సీసం గుండు విసురుగా వెళ్తుంది, గాలి దాన్ని నెమ్మదింపజేస్తుంది, ఆ కబురు స్పూలుకి అందదు. అది పాత వేగంతోనే దారం వదుల్తూ ఉంటుంది, ఎక్కువైన దారం వెళ్లే చోటు లేక అక్కడే ఉండలు చుట్టుకుంటుంది. మాది లోహపు స్పూలు, బరువు. ఆలస్యంగా కదిలి ఆలస్యంగా ఆగుతుంది. కొత్త రీళ్లలో అయస్కాంతాలో, తిరుగుతుంటే బయటికి జరిగి రాసుకునే చిన్న దిమ్మలో ఆ వేగాన్ని పట్టుకుంటాయి. ఇందులో బొటనవేలు ఒక్కటే.

హైదరాబాద్ వాళ్లకి ఇది సులువుగా చెప్పొచ్చు. సంక్రాంతికి మేడ మీద పతంగి ఎగరేసేటప్పుడు చర్ఖా పట్టుకునే పిల్లాడుంటాడు చూడండి. గాలి లాగినప్పుడు చర్ఖా గిరగిరా తిరుగుతుంది, పతంగి ఒక్కసారి డీలా పడితే వాడు చర్ఖాని అరచేత్తో ఆనించి ఆపాలి. ఆపలేదా, మాంజా అంతా కాళ్ల దగ్గర కుప్ప. అదే పని ఇక్కడ బొటనవేలు చేయాలి: మొదట్లో ఈక తగిలినట్టు, మధ్యలో దాదాపు లేనట్టు, గుండు నీళ్లని తాకే క్షణాన గట్టిగా. ఆ క్షణం చీకట్లో కనపడదు, అందుకే పట్టపగలు అలవాటు చేసుకోవాలి.

మౌలాలిలో మా ఇంటి వెనక స్కూలు గ్రౌండుంది. ఆదివారం పొద్దున ఆరింటికి వెళ్లి, గుండుకి బదులు గుడ్డ సంచిలో ఇసుక కట్టి విసురుతుంటా. మొదటిరోజు వాచ్‌మన్ వచ్చి చాలాసేపు చూశాడు. "సార్, ఈడ నీళ్లు లేవు గదా. గాలమేంది?" అన్నాడు. ప్రాక్టీసు అని చెప్పా. "దేనికి?" అన్నాడు. దానికి నా దగ్గర సమాధానం లేదు. ఇప్పుడు వచ్చి సంచి ఎక్కడ పడిందో చూసి అడుగులు కొలిచి చెప్తున్నాడు. పోయిన ఆదివారం ఎనభై ఆరు, ఆయన అడుగులు.

అక్కడ నేర్చుకున్నవి రెండు. స్పూలు నిండా దారం నింపొద్దు, అంచు కంటే 3 మిల్లీమీటర్లు కిందకే ఆపాలి. కొస దగ్గర విసురు తట్టుకోడానికి మందపాటి దారం కడతాం, నాలుగు ఔన్సుల గుండుకి 40 పౌండ్లది, అంటే ఔన్సుకి పది పౌండ్ల లెక్క. ఆ ముడిని స్పూలు మీద ఒక పక్కకి తోసి, బొటనవేలు రెండో పక్కన పెట్టాలి. ముడి వేలి కింద నుంచి వెళ్తే బ్లేడు గీసినట్టే. మావయ్య బొటనవేలి మీద అడ్డంగా ఉన్న తెల్లటి గీత ఎక్కడిదో నాకు ముప్ఫై ఏళ్ల తర్వాత అర్థమైంది.

ట్రిప్ అయ్యాక చేసేది కూడా మార్చా. ఇక రైలెక్కే ముందే, మావయ్య ఇంటి పెరట్లో, డ్రాగ్ గట్టిగా బిగించి పైన చెంబుతో మెల్లగా మంచినీళ్లు. పైపు పెట్టి కొట్టకూడదు, కొడితే బయటి ఉప్పుని మనమే లోపలికి తోసినట్టు. బకెట్లో ముంచడమూ అంతే. తర్వాత స్పూలు తీసి రెండు పక్కలా తడిగుడ్డతో, పొడిగుడ్డతో తుడిచి, నీడలో ఆరబెట్టి, డ్రాగ్ పూర్తిగా వదులు చేసి, లేకపోతే వాసర్లు నలిగి అతుక్కుపోతాయి, పాత కాటన్ లుంగీలో చుట్టి బ్యాగులో. పాలిథిన్ కవర్ ముచ్చట లేదు. మౌలాలి వచ్చాక ఇంకోసారి తుడవడానికి మున్సిపల్ నల్లా నీళ్లు వాడతా. మా బోరు నీళ్లతో కడిగితే బకెట్ల మీద పేరుకునే తెల్లటి పెచ్చే దీని మీదా పేరుకుంటుంది.

నిన్న రాత్రి అంతా బిగించడం అయిపోయాక చీరాలకి ఫోన్ చేశా. పదకొండు దాటింది, అత్తయ్య ఎత్తి, "ఈ టైములో ఏంటిరా, అందరూ బాగున్నారా?" అని కంగారుపడింది. రీలు అన్నా. విసుక్కుంటూ ఫోన్ ఆయనకిచ్చింది.

"స్పీకర్ పెట్టి రీలు పక్కన పెట్టు," అన్నాడు మావయ్య. పెట్టి, స్పూలుని వదులు చేసి ఒక్క తోపు తోశా. ఇద్దరం ఏం మాట్లాడలేదు. ఆగాక, "ఇరవై మూడు," అన్నాడు ఆయన. నా లెక్కా అంతే.

"ఇప్పుడు చుట్టు."

చుట్టా. టిక్కు, టిక్కు, టిక్కు.

"ఊఁ. బతికింది," అన్నాడు. తర్వాత నాతో కాదు, పక్కకి తిరిగి, "ఏమేవ్, శనివారం అర్ధకిలో పచ్చిరొయ్యలు చెప్పు. వీడొస్తున్నాడు. కూరకి కాదు," అనడం వినపడింది.